నాయనతో ఇరవై ఒక్క కిలోమీటర్లు

నెల్లూరు స్టేషన్లో రాత్రి రైలు కోసం కూర్చున్న ఆ తండ్రీకూతుళ్ల సామాన్లు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది... ఇద్దరూ ఒక్క ఊరికే వెళ్తున్నారా అని! కూతురి భుజానికి కొత్త బ్యాగు. అందులో పరుగు బూట్లు, రెండు జతల సాక్సులు, ఖర్జూరాలు, మోకాలికి చుట్టుకునే పట్టీ. తండ్రి చేతిలో పాత బట్టసంచి. అందులో ఓ పంచె, తువ్వాలు, బీపీ మాత్రల డబ్బా... అడుగున ఓ యాభై నిమ్మకాయలు.

‘‘ఇన్ని ఎందుకు నాయనా? విశాఖపట్నంలో నిమ్మకాయలు దొరకవా?’’

‘‘దొరుకుతాయిలే. మన చెట్టుయి దొరకవు గదా’’ అన్నాడాయన.

ఆ చెట్లు ఉన్నది కలువాయిలో. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట అది. ఆయనకు అక్కడ రెండెకరాల నిమ్మతోట. వయసు అరవై ఎనిమిది. భార్య పోయి మూడేళ్లయింది. ఆమెకు ముప్పై అయిదు. నెల్లూరులో ఉద్యోగం, భర్త, ఇద్దరు పిల్లలు. 2023 నవంబరులో విశాఖలో జరిగిన నేవీ మారథాన్‌లో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చింది. తోడు రావాల్సిన భర్తకి ఆఖరి నిమిషంలో సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే వెళ్లొస్తానని ఆమె ఫోన్లో మామూలుగా చెప్పిన మాటకి అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత ‘‘నేనొస్తా’’ అన్నాడు నాయన.

వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు. రమ్మనడానికీ మనసు రాలేదు. ఎందుకంటే ఆమెని పరుగు మాన్పించింది ఆ నాయనే.

‘పోవద్దు’

2002. ఆమె తొమ్మిదో తరగతి. బడి మైదానంలో గీతలు గీయడానికి సున్నం కూడా ఉండేది కాదు. పీఈటీ సారు కాలితో గీత గీసి, విజిలేస్తే పరుగెత్తడమే. అట్లా పరుగెత్తే ఆ పిల్ల మండల పోటీల్లో గెలిచింది, డివిజన్ పోటీల్లోనూ గెలిచింది. ఆరువందల మీటర్లు. జిల్లా పోటీలకి నెల్లూరు పోవాలి. ఆ అక్టోబరులోనే కొరియాలోని బుసాన్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో కేరళ అమ్మాయి బీనామోల్ 800 మీటర్లలో బంగారు పతకం గెలిచింది. పేపర్లో వచ్చిన ఆ ఫొటోని కత్తిరించి లెక్కల పుస్తకంలో దాచుకుంది పిల్ల. నెల్లూరులో స్టేడియం ఉంటుందట, అందులో మెత్తగా ట్రాక్ ఉంటుందట అని రాత్రిళ్లు చెల్లెలికి చెప్పేది.

సారు ఇంటికొచ్చి మరీ అడిగారు. రెండు రోజుల పని, మిగతా ఆడపిల్లలూ వస్తున్నారు, టీచరమ్మ తోడుంటుంది, ఓ జత బూట్లు కొనిపెట్టండి, ఛార్జీలకు కొంచెం ఇవ్వండి అని. నాయన మంచం మీదనుంచి లేవకుండానే చెప్పాడు.

‘‘ఆడపిల్లని ఊళ్లమ్మట పంపించేది లేదు సార్. పోవద్దు.’’

అంతే. ఏడ్చింది. రెండ్రోజులు అన్నం తినలేదు. తర్వాత తిన్నది. బీనామోల్ ఫొటో ఏమయిందో ఆమెకి గుర్తులేదు.

ఆ ‘పోవద్దు’ అక్కడితో ఆగలేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంది. ఆడపిల్ల, పోవద్దు అన్నాడు. ఆత్మకూరుకి రోజూ బస్సులో వెళ్లొచ్చి చదివింది. ఆరింటికి మొదటి బస్సు, రాత్రి ఏడున్నరకి ఇల్లు. ఇక చెల్లెలైతే అడగడమే మానేసింది. అడిగితే ఏమంటారో తెలిసినప్పుడు ఎవరు మాత్రం అడుగుతారు?

ఆడవాళ్లు దూరాలు పరిగెత్తకూడదన్న మాట కలువాయిలో పుట్టింది కాదు లెండి. 1967లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి 261 నంబరు బిబ్ పెట్టుకుని పరిగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు పీకేయబోయాడు. ఆ పోటీలోకి ఆడవాళ్లని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పెట్టింది 1984లో. మనవైపు తండ్రులు మాత్రమే పాతకాలం వాళ్లనుకోవడానికి లేదు.

మళ్లీ పరుగు ఎట్లా మొదలైందంటే... దానికి కారణం షుగరు. 2021లో కరోనా రెండో విడత తగ్గాక రక్తపరీక్ష చేయిస్తే అంచున ఉంది. రోజూ నడవమన్నారు డాక్టరు. ఇంటికి దగ్గర్లో నడవడానికి వీలున్న చోటు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం. మొదటిరోజు గేటు లోపలికి వెళ్లాక ఆమె కాసేపు నిలబడిపోయింది. పందొమ్మిదేళ్ల కిందట చెల్లెలికి కథలు కథలుగా చెప్పిన స్టేడియం! రెండు నెలలు నడిచింది. ఒక రోజు, ఎవరూ చూడటం లేదనుకున్నాక, ఒక్క రౌండు పరిగెత్తింది. ఊపిరాడక కూర్చుండిపోయింది. మరుసటి రోజు మళ్లీ వెళ్లింది. ఏడాదికి అయిదు కిలోమీటర్లు, రెండేళ్లకు పద్నాలుగు. ఆదివారాలు తెల్లారకముందే స్వర్ణాల చెరువు గట్టుమీద పరుగు. ఇంటికొచ్చి పిల్లలకు దోసెలు.

ఇదంతా నాయనకి చెప్పలేదు. మనవడు చెప్పాడు.

రాజుగారి ఇంటి ముందు నుంచి...

రైలు కదిలాక సద్ది విప్పారు. నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం. కింది బెర్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఆయన సందేహాలు మొదలుపెట్టాడు.

‘‘ఇరవై ఒక్క కిలోమీటరేంది? ఇరవై పెట్టొచ్చు గదా?’’

ఆమె ఓపిగ్గా చెప్పింది. అసలు మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర పరుగు మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు. కొలిస్తే అంత వచ్చింది. తర్వాత 1921లో అదే ఖాయం చేసేశారు. అందులో సగం ఇది.

‘‘అంటే రాజుగారి ఇంటి కాడ మొదలుపెట్టినందుకు లోకమంతా ఆ మిగతా దూరం పరిగెత్తుతుండాదన్నమాట!’’

ఆమెకి నవ్వొచ్చింది. ఈ లెక్క ఆమెకి తట్టలేదు.

దూరాలు ఆయనకు కొత్త కాదు. వైశాఖంలో పెంచలకోన నరసింహస్వామి ఉత్సవాలకి కాలినడకన పోయిన మనిషి. తిరుమల కొండ అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల యాభై ఎన్నోసార్లు ఎక్కాడు. ఇంటినుంచి తోటకి రోజూ రెండుసార్లు పోయి రావడం ఉండనే ఉంది. కానీ అవన్నీ దేవుడి కోసమో, చెట్ల కోసమో. ఊరికే పరిగెత్తడమనేది ఆయనకు అర్థంకాలేదు. ‘‘గెలిస్తే ఏమిస్తారు?’’ అన్నాడు. గెలవను అంది. ‘‘మరి?’’ అన్నాడు. ఆమె దగ్గర జవాబు లేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

రాజమండ్రి దగ్గర వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే ఆయనకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చేయి బయటపెట్టి గోదారమ్మలోకి ఓ రూపాయి బిళ్ల విసిరాడు. రెండోది కూడా విసరడం పై బెర్తునుంచి ఆమె చూసింది. ఎవరి పేరున అని అడగలేదు.

విశాఖలో దిగేసరికి తెల్లారింది. ఆరువందల కిలోమీటర్ల ప్రయాణం. అయినా ఆయన ముఖంలో అలసట లేదు. మైపాడు బీచిలో కార్తీక స్నానం చేసిన మనిషికి సముద్రం తెలుసు. కొండా సముద్రమూ ఇట్లా పక్కపక్కనే ఉండటం మాత్రం చూళ్లేదు. ఆర్కే బీచ్‌లో ఇసుక ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిని చూపించింది. ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటేడు మ్యూజియం అయింది. టికెట్టు కొనుక్కుని లోపలికెళ్లారు. వంగి వంగి నడుస్తూ, మూరెడు వెడల్పు పడకల్ని చూసి, ‘‘ఇందులో నెలల తరబడి ఉండేవోళ్లా? వాళ్లమ్మలు ఎట్టా పంపించారో!’’ అన్నాడు.

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. పంపించడం గురించి మాట్లాడటానికి ఈయనకు నోరెట్లా వస్తోందని!

మధ్యాహ్నం బిబ్ తీసుకోవడానికి వెళ్లారు. బిబ్ అంటే ఛాతీమీద పెట్టుకునే నంబరు చీటీ. మనం ఏ క్షణంలో గీత దాటామో లెక్కగట్టే చిప్ ఉంటుంది. వరసలో కాలేజీ పిల్లలు, తెల్ల యూనిఫారంలో నేవీ వాళ్లు, తెల్లజుట్టు దంపతులు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్‌లో జ్యోతి యర్రాజి వెండి పతకం గెలిచి అప్పటికి నెలే అయింది. ఈ ఊరి పిల్లే కదా, వరసలో ఎవరో ఆమె మాటే మాట్లాడుతున్నారు. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు అని ఒకాయన అంటే, పెద్దాయన అటు తిరిగి శ్రద్ధగా విన్నాడు. ఏమీ అనలేదు. బయటికొచ్చాక మాత్రం అడిగాడు.

‘‘దీనికి డబ్బులు కట్టినావా పాపా?’’

ఎంత కట్టిందో చెప్పింది. వానాకాలం ధరల్లో ఒక బస్తా కాయ డబ్బు! ఆయన ఆగిపోయాడు. తిడతాడనుకుందామె. తిట్టలేదు. మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

కుదువలో కమ్మలు

బీచ్ రోడ్డుకి రెండు వీధుల అవతల చిన్న లాడ్జి. తొందరగా తినేసి ఎనిమిదికల్లా దీపం ఆర్పేశారు. పొద్దున మూడింటికి లేవాలి. నిద్రపట్టలేదు ఆమెకి. ఆయనకీ పట్టలేదని దగ్గును బట్టి తెలుస్తోంది.

‘‘ఆ పొద్దు నా దగ్గర డబ్బుల్లేవు పాపా’’ అన్నాడు చీకట్లో.

ఏ పొద్దో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

2002 కరువు దేశమంతా గుర్తుండే కరువు. కలువాయికి సోమశిల దగ్గరే. డెబ్భై ఎనిమిది టీఎంసీల జలాశయం. కానీ మెట్టమీది తోటకి ఆ నీళ్లు రావు, బోరే దిక్కు. ఆ ఏడు బోరు ఎండింది. ఇంకో బోరు వేయించాడు, అదీ పడలేదు. ట్యాంకరు నీళ్లు తోలి చెట్లు బతికించాడు. తీరా కాయ వచ్చేసరికి ధర లేదు. నిమ్మ సంగతి తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఎండల్లో ఊరించి వానల్లో ముంచే పంట అది. 2022 ఏప్రిల్లో కిలో రెండొందలని దేశమంతా గగ్గోలు పెట్టిందే... ఆ పంటకే మరో నెలలో కోతకూలి కూడా రాదు. ముళ్లల్లో చేతులు గీరుకుంటూ కోసి, బస్తా కట్టి, మార్కెట్టుకి తోలితే బాడుగ మీదపడుతుంది. ఆ ఏడు కాయ చెట్టుకిందే రాలిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

‘‘సారు బూట్లన్నాడు, ఛార్జీలన్నాడు. జేబులో పదిరూపాయలు ఉండాయి. ఆయనెదురుగ్గా లేవని ఎట్టా చెప్పేది? ఆడపిల్ల గదా, పంపనంటే ఎవరూ ఏమీ అనరు. ఆ మాట సులువు. అది అనేసినా.’’

ఆమె లేచి కూర్చుంది.

‘‘అమ్మకి చెప్పుంటే కమ్మలు కుదువబెట్టేది గదా!’’

‘‘అప్పటికే కుదువలో ఉండాయి. నీకు తెలవదు. ఆమె చెవులకి పెట్టుకున్నయి గిల్టువి.’’

కిటికీ అవతల సముద్రం హోరు వినిపిస్తోంది. ఇన్నేళ్లుగా మోస్తున్న కోపం కరిగిపోయి ఆమె తండ్రి ఒళ్లో తలపెట్టి ఏడ్చిందని రాస్తే సినిమాకి బాగుంటుంది. అట్లా జరగలేదు. ఆమెకి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

‘‘సరే, ఆ రోజు లేవు. మరి ఇంటరుకి? అప్పుడు తోట బాగానే ఉంది గదా. చెల్లెల్ని కూడా పోనీలా. అప్పుడేమొచ్చింది?’’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

‘‘ఒకసారి ఆ మాట అన్నాక... ఊళ్లో అందరూ మంచిపని చేసినావన్నారు. పెద్దోళ్లు మెచ్చుకున్నారు. మళ్లీ నిన్ను పంపిస్తే అప్పుడెందుకు పంపలా అంటారు. ఇంక ఆ మాటమీదే ఉండాల్సొచ్చింది. ఉండంగా ఉండంగా నాకూ అదే నిజమనిపించింది.’’

పదిరూపాయల జేబుని కప్పిపెట్టుకోవడానికి అన్న మాట ఆ ఇంటికి చట్టమైంది. ఇద్దరాడపిల్లలు దాని కిందే పెరిగారు. సారుకి చెప్పుకోలేని లేమిని పిల్లకి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది వినేవాళ్లకి. పద్నాలుగేళ్ల పిల్ల అర్థం చేసుకోగలిగేది కూడా. కానీ అప్పులవాడు గుమ్మంలో ఉన్న ఇంట్లో తండ్రికి ఆ ఒక్క పిల్లముందైనా పెద్దగా కనిపించాలని ఉంటుందేమో. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

‘‘పడుకో నాయనా, మూడింటికి లేవాల’’ అంది చివరికి.

మూడింటికి ఆమె లేచేసరికి ఆయన ఎప్పుడో లేచి ఉన్నాడు. లాడ్జి కుర్రాణ్ణి లేపి చక్కెర, ఉప్పు అడిగి తెచ్చాడు. అర్ధలీటరు సీసాలో నిమ్మరసం కలిపి, అరచేతిలో పోసుకుని రుచిచూస్తున్నాడు.

బీచ్ రోడ్డు

పొద్దున్నే బీచ్ రోడ్డు తిరునాళ్లలా ఉంది. మైకులో పాటలు. గంతులేస్తూ ఒళ్లు వేడెక్కించుకుంటున్న జనం. పెద్దాయన పంచె ఎగ్గట్టి, చంకలో సంచితో ఓ పక్కన నిలబడ్డాడు. అంతమంది బనియన్లూ నిక్కర్లలో ఆయనొక్కడే వేరేగా ఉన్నాడు. ఆమె బిబ్ వంకరగా ఉంది. పిన్నీసు తీసి సరిచేశాడు. కూతురి బట్టలకి పిన్నీసు పెట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారేమో, వేలికి గుచ్చుకుంది కూడా.

‘‘మూడు గంటలు పడతాది. ఇక్కడే ఉండు. యాడికీ పోవద్దు’’ అంది ఆమె.

అన్నాక ఇద్దరికీ ఆ మాట వినబడింది.

హాఫ్ మారథాన్ దారి ఆర్కే బీచ్ నుంచి సముద్రం పక్కనే ఋషికొండ వైపు వెళ్లి తిరిగి రావడం. కుడిచేతి పక్క చీకట్లో అలల నురగ తెల్లగా కనిపిస్తుంటుంది. మొదటి అయిదు కిలోమీటర్లు ఎవరికైనా బాగానే ఉంటాయి. జనం ఈడ్చుకుపోతారు. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కొండ రోడ్డుని సముద్రం వైపు నెట్టేస్తుంది. అక్కడ ఎత్తు. స్వర్ణాల చెరువు గట్టుమీద ఎత్తుపల్లాలెక్కడివి? పిక్కలు పట్టేశాయి. సర్దుకుంది. ఆ ఎత్తు దిగాక, సముద్రం మీద ఎర్రటి గీత కనిపించింది. ఆరుగంటల వేళ సూర్యుడు నీళ్లలోంచి లేస్తుంటే పక్కన పరిగెత్తేవాళ్లు ఆగి సెల్‌ఫోన్లు తీశారు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ కదలలేనని భయం.

వెనక్కి తిరిగాక అసలు కథ. పదిహేనో కిలోమీటరు దాటితే ఆమెకది కొత్త లోకం. అంతదూరం ఎప్పుడూ పరిగెత్తలేదు. మన కండరాలూ కాలేయమూ దాచుకున్న చక్కెర నిల్వలు అప్పటికి అడుగంటుతుంటాయి. చెమటతో ఉప్పు పోతుంటుంది. విశాఖ ఉక్కపోత సంగతి చెప్పనే అక్కర్లేదు. దాహమేస్తోందని నీళ్లే నీళ్లు తాగినా తప్పే. రక్తంలో సోడియం పలచబడి కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ ఆమె చదువుకుంది. చదివినవన్నీ తెన్నేటి పార్కు ఎత్తు రెండోసారి ఎక్కేటప్పుడు గుర్తుకొచ్చాయి, ఒక్కటీ పనికిరాలేదు. ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కుంటుకుంటూ నడక మొదలుపెట్టింది. పక్కనుంచి అరవై దాటిన ఒకామె నవ్వుతూ దాటిపోయింది. ‘కమాన్’ అంది కూడా. ఆ క్షణంలో ఆమెకి తలలోకి వచ్చిన ఆలోచన ఒక్కటే... పోటీలో ఉన్న అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టానని. పద్నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టాల్సింది, ముప్పై మూడులో పెట్టానని.

ఎత్తు దిగి అప్పూఘర్ దాటుతుండగా పిట్టగోడమీద ఓ పంచె కనిపించింది.

ఆయన అక్కడే ఉండలేదు. ఆమె వెళ్లిన పావుగంటకే బయల్దేరి, ఆమె పోయిన దిక్కుకే నడుచుకుంటూ వచ్చేశాడు. నాలుగు కిలోమీటర్లు. దారిలో ఇద్దరు వాలంటీర్లు ఆపి ‘తాతా, ఎక్కడికి’ అంటే, ‘మా పాప వస్తుండాది’ అని చెప్పాడట.

‘‘ఏంది, కుంటుతుండావు?’’

‘‘పిక్క పట్టింది.’’

సీసా మూత తీసి ఇచ్చాడు. నాలుగు గుక్కలు తాగింది. ఉప్పగా, పుల్లగా, తియ్యగా... బోరు పనిచేసిన వేసవుల్లో తోటలో అమ్మ కలిపి ఇచ్చిన రుచి. తాగి, ఆయన ముఖం చూడకుండా నడవసాగింది. ఆయన ఫుట్‌పాత్ మీద, ఆమె రోడ్డుమీద. మధ్యలో తాడు.

‘‘నడిస్తే ఒప్పుకోరా?’’

‘‘ఒప్పుకుంటారు. టైము లోపల పోవాల.’’

‘‘ఐతే నడువు. పెంచలకోనకి పోయేటప్పుడు పిక్కపడితే మేం ఇట్నే జేసేది. మడమ ముందు ఆనించు.’’

తండ్రీబిడ్డలు కలిసి ఇట్లాంటి పోటీల్లో కనిపించడం లోకానికి కొత్తేం కాదు. అమెరికాలో డిక్ హోయిట్ అనే తండ్రి, కాళ్లూచేతులూ కదలని కొడుకు రిక్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నెడుతూ 1977 నుంచి దశాబ్దాల తరబడి వందల పరుగుల్లో పాల్గొన్నాడు. ఆ కథకి లోకమంతా కళ్లు తుడుచుకుంది. బీచ్ రోడ్డు మీద ఆ రోజు జరిగింది అంత పెద్ద సంగతి కాదు. రబ్బరు చెప్పులేసుకున్న ఓ పెద్దాయన తాడుకి ఇవతల నడిచాడు. కూతురు అవతల నడిచింది. రెండు కిలోమీటర్లు ఏమీ మాట్లాడుకోలేదు.

పిక్క వదిలింది. దూరంగా కురుసుర కనిపిస్తోంది. మైకు వినిపిస్తోంది. ఆయన వెనకబడ్డాడు. ఆమె తిరిగి చూసి ఆగబోయింది.

‘‘నాకోసం ఏంది ఆగేది? పో పాపా, పో’’ అని గట్టిగా అరిచాడు. పక్కన పరిగెత్తేవాళ్లు కూడా తిరిగి చూశారు.

పరిగెత్తింది. ఆ చివరి దూరం ఎట్లా పరిగెత్తిందో ఆమెకి ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. గీత దాటేసరికి రెండు గంటల యాభై రెండు నిమిషాలు. మెడలో పతకం వేసిన నేవీ కుర్రాడికి సెల్యూట్ కొట్టబోయి, నవ్వి, పక్కకెళ్లి ఇసుకలో కూలబడింది. పావుగంటకి ఆయన వచ్చాడు. పతకం చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, నిమ్మకాయల్ని చూసినట్టే.

‘‘అందరికీ ఇచ్చినారా?’’

‘‘పూర్తిచేసినోళ్లందరికీ.’’

‘‘మంచిపని’’ అన్నాడు. సంచి విప్పి, మిగిలిన కాయల్ని చుట్టూ కూర్చున్న వాళ్లకి తలా ఒకటీ పంచడం మొదలుపెట్టాడు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లు, శ్రీకాకుళం నుంచి కొడుకుతో వచ్చిన ఓ అమ్మ... అందరికీ. ‘ఏటి బాబూ ఇది?’ అందామె. ‘మా కలువాయి కాయ. ఒకసారి వాసన చూడు’ అన్నాడు. పదినిమిషాల్లో సంచి ఖాళీ.

తిరుగు రైలు పగటిపూట. గోదావరి ఈసారి బాగా కనిపించింది. నాణేలు విసిరాక, ఆయన ఫోన్ తీసి చిన్నకూతురికి చేశాడు. అక్క పరిగెత్తిందనీ, పతకం ఇచ్చారనీ చెప్పాడు. తర్వాత కాసేపు అటునుంచి వచ్చే మాటలు వింటూ ఉన్నాడు. ‘‘నీకు కూడా అప్పుడు...’’ అని ఆగాడు. ‘‘మళ్లీ మాట్లాడతాలే, సిగ్నల్ పోతుండాది’’ అని పెట్టేశాడు. సిగ్నల్ బాగానే ఉంది.

ఆమె ఏమీ అనలేదు. లాడ్జిలో అడిగిన రెండో ప్రశ్నకి సగం జవాబే వచ్చిందనీ, మిగతా సగం తనకి కాదు, చెల్లెలికి రావాలనీ ఆమెకి తెలుసు. కోపం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కాకపోతే ఇన్నేళ్లూ ఆ కోపం ముందు నిలబడ్డ మనిషి మీసాలు తిప్పే తండ్రి. ఇప్పుడు జేబులో పదిరూపాయలు పెట్టుకుని మంచం మీదనుంచి లేవలేకపోయిన తండ్రి కనిపిస్తున్నాడు. ఆయనమీద కోపగించుకోవడం కొంచెం కష్టం.

నెల్లూరులో దిగేసరికి రాత్రయింది. ఇంట్లో పడుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి ఆయన కలువాయి బయల్దేరాడు. కోతకి మనుషులొస్తారట. బస్టాండులో కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, మాత్రల డబ్బా సంచిలో ఉందో లేదో చూసి, ఆమె దిగబోతుంటే చేయిపట్టి ఆపాడు.

‘‘అయిదు కిలోమీటర్లది కూడా ఉందన్నావే... దానికెంత కట్టాల?’’

‘‘ఎవరికి?’’

‘‘ఊరికే అడుగుతుండా. తోటకి పొయ్యొస్తే రోజుకి అంతకన్నా ఎక్కువే అవతాది’’ అని కిటికీలోంచి బయటికి చూస్తూ, కాసేపాగి అన్నాడు.

‘‘చెప్పులతో రానిస్తారా?’’